ఐటీఐకి మూడో ఏడాది కావాలి

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ల కోర్సు. లెక్కలు, సైన్సుతో పదో తరగతి పాసైన పిల్లలు చేరతారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల గృహ యజమానుల తరఫున ప్రభుత్వానికి మనవి ఏమిటంటే, ఈ కోర్సుకు ఇంకో ఏడాది కలపాలి. రెండేళ్లు నేర్పినదంతా మరిపించడానికి ఆ మాత్రం టైమ్ కావాలి కదా.

కుర్రాడు సర్టిఫికెట్ పట్టుకుని బయటికొస్తాడు. లైట్లకు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, పవర్ ప్లగ్గుకు 2.5, ఏసీకి 4 అంటూ మొదలెడతాడు. మనం అప్పటికే బావమరిది చెప్పాడని ఇల్లంతటికీ ఒకే సైజు కట్టలు కొని పెట్టేశాం. ఇప్పుడు ఆ వైరు మార్చాలా, కుర్రాణ్ణి మార్చాలా? కుర్రాణ్ణి మార్చడమే చవక.

ఎర్తింగ్ దగ్గర ఇంకా మొండికేస్తాడు. గొయ్యి తవ్వాలట, పైపు దింపాలట, బొగ్గూ ఉప్పూ వరసలుగా వేసి అప్పుడప్పుడు నీళ్లు పోయాలట. ఈశాన్యంలో బోరు కోసం వందల అడుగులు దింపించిన పెద్దమనిషికి, ఈ గొయ్యి పేరెత్తగానే వాస్తు గుర్తొస్తుంది. "గొయ్యి నేకుండానే మా నాయిన కాలం ఎల్లిపోనేదా?" అంటాడు. కుర్రాడి దగ్గర దీనికి జవాబుండదు. ఐటీఐ పుస్తకంలో నాయిన గురించి చాప్టర్ లేదు. చివరికి సాకెట్లోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపి పని కానిచ్చేస్తారు. ఏ రోజైనా న్యూట్రల్ తెగితే వాషింగ్ మెషీన్ ఒళ్లంతా కరెంటే. అయినా మెషీన్ ముట్టుకునేది ఆడవాళ్లు కాబట్టి ఇంటిపెద్దకి ఆ భయం పెద్దగా ఉండదు.

ఆర్‌సీసీబీ అని ఇంకోటి ఉంది, షాక్ కొట్టకుండా కాపాడే స్విచ్. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే చాలు, పడిపోయి సప్లై ఆపేస్తుంది. పడిపోవడమే దాని ఉద్యోగమని కుర్రాడు చెప్పబోతాడు. "బైపాస్ చేసెయ్ తమ్ముడూ, మ్యాచ్ అవుతోంది."

అందుకే మూడో ఏడాదిలో ప్రాక్టికల్స్ గట్టిగా ఉండాలి. పళ్లతో వైరు ఒలవడం. ప్లగ్ లేకుండా అగ్గిపుల్లలతో వైర్లను సాకెట్లో బిగించడం. ఎర్త్ కన్నంలో పెన్ను గుచ్చి రెండు పిన్నుల చార్జర్ దూర్చడం (ఇది మన పిల్లలు ఒకటో తరగతికే నేర్చుకుంటున్నారు, మినహాయింపు ఇవ్వచ్చు). ఫ్యూజులో రాగి తీగలు నాలుగైదు పేటలు చుట్టడం. ఇల్లు పోతే పోవచ్చు గానీ ఇక ఆ ఫ్యూజు పోదు.

గౌరవం దక్కడం లేదని కుర్రాళ్లు అనుకోకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో స్తంభాలన్నీ నేలకూల్చినప్పుడు, భుజాన వైరు చుట్ట ఉన్న ప్రతివాడూ 'బాబుగారే'. స్తంభాలు లేచాయి, ఫ్యాన్లు తిరిగాయి, బాబుగారు మళ్లీ 'ఒరేయ్' అయ్యాడు.

2019లో సచివాలయాల జూనియర్ లైన్‌మన్ పోస్టులకు స్తంభం ఎక్కించారు, మీటరు చదివించారు, సైకిలు తొక్కించారు. ఇంటాయన బేరానికి తట్టుకునే పరీక్ష మాత్రం పెట్టలేదు. మూడో ఏడాది చివర అది తప్పనిసరి చేయాలి. ప్రశ్న: "ఫ్యాన్‌కి కండెన్సర్ మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. రెండొందలేటి? మా వోడు బీటెక్ ట్రిపుల్ ఈ, బెంగళూరులో ఉన్నాడు గానీ నేకపోతే నిన్ను పిలుద్దునా?" 'రెండేళ్లు చదివానండి' అని రాసినవాడు ఫెయిల్. 'మీ ఇష్టం మాస్టారూ' అన్నవాడికి ఫస్ట్ క్లాస్.

పాఠాలు చెప్పేవాళ్లు దొరకరని ప్రభుత్వం టెన్షన్ పడనక్కర్లేదు. సొంతిల్లున్న ప్రతి పెద్దమనిషీ జీతం లేకుండా చెప్పడానికి సిద్ధం. వాళ్ల షరతు ఒక్కటే: క్లాసు రూములో ఎర్తింగ్ మాత్రం పక్కాగా ఉండాలి.