పట్టభద్రుల ఓట్లే ఎందుకు మురిగిపోతున్నాయి?

2025 ఫిబ్రవరి 27న జరిగిన కరీంనగర్-నిజామాబాద్-ఆదిలాబాద్-మెదక్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో రెండున్నర లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి. అందులో 28 వేలకు పైగా చెల్లలేదు. బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డి, కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్‌రెడ్డిపై గెలిచింది 5 వేల పైచిలుకు ఓట్లతో. మెజారిటీకి ఐదు రెట్లకు మించిన ఓట్లు లెక్కింపు మొదలవకముందే పక్కకు పోయాయన్నమాట. అదే రోజు పోలింగ్ జరిగిన వరంగల్-ఖమ్మం-నల్లగొండ ఉపాధ్యాయ స్థానంలో 24 వేలకు పైగా ఓట్లు పడితే, చెల్లనివి 500 లోపే. అక్కడ నూటికి రెండు, ఇక్కడ నూటికి పదకొండు.

‘డిగ్రీలు చదివి ఓటు వేయడం రాదా’ అని ఎగతాళి చేయడం ప్రతిసారీ వినేదే. ఆ మాట అన్యాయం. తప్పు ఓటరుది కన్నా ఏర్పాట్లది.

శాసనసభకు ఓటేసే మనిషికి ఈవీఎం మీద గుర్తు చూసి మీట నొక్కడం అలవాటు. మండలి ఎన్నికలో ఈవీఎం ఉండదు, గుర్తులుండవు. పొడవాటి బ్యాలెట్ కాగితం చేతికిస్తారు. కరీంనగర్‌లో బరిలో ఉన్నది 56 మంది. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానంలోనైతే 93 మంది. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే వయొలెట్ రంగు స్కెచ్ పెన్నుతోనే, నచ్చిన అభ్యర్థి పేరుకు ఎదురుగా ఉన్న గడిలో 1 అని అంకె వేయాలి. తర్వాత ఇష్టాన్ని బట్టి 2, 3, 4. ఆరేళ్లకోసారి వచ్చే ఈ పనికి ముందుగా సాధన చేసే అవకాశమే ఓటరుకు ఉండదు.

చెల్లని ఓట్లలో కనిపించేవి దాదాపు ఒకే రకం పొరపాట్లు. 1కి బదులు టిక్కు పెట్టడం. ‘ఒకటి’ అని అక్షరాల్లో రాయడం. ఇద్దరికి 1 వేయడం. 1 ఎవరికీ వేయకుండా 2తో మొదలుపెట్టడం. రెండు గడుల మధ్య గీత మీద అంకె పడటం. జేబులోని సొంత పెన్ను వాడటం. ఇక సంతకమో, పేరో, నినాదమో రాస్తే ఓటరును గుర్తుపట్టే ఆనవాలు అవుతుంది కాబట్టి ఆ కాగితాన్ని పక్కన పెట్టక తప్పదు. తెలుగు అంకె వేసినా, రోమన్ అంకె వేసినా ఓటు చెల్లుతుంది. అక్షరాల్లో రాస్తేనే చెల్లదు. 1 సరిగ్గా ఉండి, తర్వాత అంకెల్లో తడబడితే ఓటు మొత్తం పోదు. ఉదాహరణకు 1, 2 వేసి 3 వదిలేసి 4 వేస్తే, మొదటి రెండు ప్రాధాన్యాల వరకు లెక్కలోకి వస్తుంది.

మరి ఉపాధ్యాయులకు ఈ ఇబ్బంది ఎందుకు లేదు? సాధారణ ఎన్నికల్లో పోలింగ్ విధులు నిర్వహించేవారిలో వారే ఎక్కువ కాబట్టి బ్యాలెట్ నియమాలు కొత్త కాదు. పైగా ఉపాధ్యాయ సంఘాలు బడి బడికీ తిరిగి ఓటు ఎలా వేయాలో చెబుతాయి. నిరుద్యోగికో, ప్రైవేటు ఉద్యోగికో అలా చెప్పే సంఘం లేదు.

చెల్లిన ఓటు కూడా సగం దారిలో ఆగిపోవడం దీనికన్నా తక్కువగా చర్చకు వచ్చే నష్టం. ఒకే స్థానం ఉన్నప్పుడు కోటా, అంటే గెలుపుకు కావాల్సిన ఓట్ల సంఖ్య, చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ. కరీంనగర్‌లో అది 1,11,672. తొలి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ దాన్ని అందుకోకపోతే, అందరికన్నా తక్కువ ఓట్లున్న అభ్యర్థిని ఎలిమినేట్ చేసి, ఆయన కట్టలు విప్పి, ప్రతి కాగితంలో తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వారికి కలుపుతారు. తర్వాతి అంకె లేని కాగితం అక్కడితో ఆగిపోతుంది. కరీంనగర్‌లో చివరికి ఇద్దరే మిగిలేసరికి ఒకరికి 98 వేల పైచిలుకు, మరొకరికి 93 వేల పైచిలుకు. కోటా ఎవరికీ అందలేదు. ఆధిక్యంలో ఉన్నవారే గెలిచినట్టు ప్రకటించారు. చెల్లిన ఓట్లలో సుమారు 31 వేలు ఆ ఇద్దరిలో ఎవరికీ చేరలేదు. చెల్లనివాటినీ కలిపితే, పోలైన ఓట్లలో దాదాపు నాలుగో వంతుకు తుది పోరులో పాత్రే లేదు.

దీనికి పార్టీలూ బాధ్యులే. ‘ఒకటే వేయండి, రెండోది ఎవరికీ వద్దు’ అన్న ప్రచారం నేటికీ సాగుతోంది. రెండో ప్రాధాన్యం వేస్తే మొదటి అభ్యర్థికి నష్టమన్న భయం నిరాధారం. మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతవరకు ఆ రెండో అంకెను ఎవరూ చూడరు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఓటరు చీటీతో పాటు కల్పిత పేర్లతో నమూనా బ్యాలెట్ ఇంటికి పంపాలి. పోలింగ్ కేంద్రం బయట అదే నమూనాపై అంకెలు వేసి చూసుకునే బల్ల ఒకటి పెట్టాలి. చెల్లని ఓట్లను కారణాలవారీగా విడదీసి ఎన్నికల సంఘం ప్రచురించాలి. టిక్కు పెట్టినవారు ఎందరో, సొంత పెన్ను వాడినవారు ఎందరో తెలిస్తే తర్వాతి ప్రచారాన్ని సరిగ్గా అక్కడే గురిపెట్టవచ్చు.

ఓటరు జాబితా తీరూ మారాలి. ప్రతి ఎన్నికకూ పాత జాబితాను రద్దు చేసి మొదటి నుంచి రాస్తున్నారు. గతంలో ఓటేసినవారు కూడా పట్టభద్రుల ఓటరు నమోదు దరఖాస్తు అయిన ఫారం-18 నింపి, డిగ్రీ పట్టా నకలు మళ్లీ జతచేయాలి. ఒకసారి వచ్చిన పట్టా ఆరేళ్లలో ఎక్కడికీ పోదు. మారేది చిరునామా మాత్రమే. చనిపోయినవారిని, వలస వెళ్లినవారిని తొలగించి మిగతా పేర్లను కొనసాగించేలా నిబంధన సవరించాలి. అది జరిగేదాకా పాత పద్ధతే దిక్కు. హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్, వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానాల గడువు 2027 మార్చితో ముగుస్తుంది. 2026 నవంబర్ 1ని అర్హత తేదీగా తీసుకుంటే, అప్పటికి డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండినవారంతా, 2021లో ఓటేసినవారు సహా, కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సిందే.