డైనింగ్ టేబుల్ మీద రైవస్ కాలువ

పుస్తకాల అల్మరా చేస్తానన్న కార్పెంటరు సంక్రాంతి వెళ్లాక వస్తానన్నాడు. ఏ సంక్రాంతో చెప్పలేదు. హాల్లో గోడకి ఆనించిన ప్లైవుడ్ పలకల్ని రోజూ చుట్టూ తిరిగి దాటలేక, నేనే చేసేస్తానని ఇంట్లో ప్రకటించాను. అల్మరా వెనక ఆరు ఎంఎం ప్లై బిగించాలంటే పలకల అంచున గాడి తియ్యాలి. గాడి తియ్యాలంటే రూటర్ మిషన్ కావాలి. బండి తీసి బెజవాడ వన్ టౌన్ వెళ్లాను.

రూటర్లలో పెద్దది ఒకటుంది. అరంగుళం బిట్టు పడుతుంది, రెండు చేతులతో పట్టుకుని కిందికి నొక్కితే బిట్టు చెక్కలోకి దిగుతుంది, గుమ్మాలకీ తలుపులకీ డిజైన్లు తీసేది దాంతోనే. చిన్నదాన్ని ట్రిమ్మర్ అంటారు. మైకా అతికించాక బయటికి పొడుచుకొచ్చిన అంచుని మన కార్పెంటర్లు ఒంటిచేత్తో జర్రున కోసేస్తారే, అదీ. చిన్నదే అయినా నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది. నాకు అదే నచ్చింది, ధర వల్ల.

షాపాయన ఫోన్లో మాట్లాడుతూనే మిషన్ బల్ల మీద పెట్టాడు. మాట్లాడుతూనే పన్నెండు బిట్ల పెట్టె చూపించాడు. స్ట్రెయిట్ బిట్టు, అంచు గుండ్రం చేసేది, లోపలికి గుండ్రం చేసేది, కొసన బేరింగ్ ఉన్నది, ఇంకా పూల కుండీ ఆకారంలో ఏవో రెండు. నాకు కావలసింది స్ట్రెయిట్ ఒక్కటే. పెట్టె మూతకి అద్దం ఉంది, మొత్తం కొనేశాను.

అక్కడే నాకో అనుమానం వచ్చింది. బిట్టు కాడ ఆరు ఎంఎం. దాన్ని బిగించి పట్టుకునే కొలెట్ మీద 6.35 అని ఉంది, అంటే పావంగుళం. బిట్టు పెడితే లోపల కదులుతోంది. అడిగాను. ఆయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "పాయింట్ మూడు ఐదే కద్సార్. సిల్వర్ పేపర్ ఒక చుట్టు చుట్టి బిగించండి, బండలా ఉంటది" అన్నాడు. వెనకే నిలబడ్డ కుర్రాడు కూడా బండలా ఉంటదన్నాడు. ఇద్దరు చెప్పాక ఇంకేముంది.

ఇంటికొచ్చేసరికి తెనాలి నుంచి మామయ్యగారూ అత్తయ్యగారూ వచ్చి ఉన్నారు. ప్రేక్షకులుంటే నాకు ఉత్సాహం ఎక్కువ.

డైనింగ్ టేబుల్ మా ఆవిడకి సారెలో వచ్చిన టేకు బల్ల. దాని మీద పేపర్ పరిచి, పన్నెండు ఎంఎం పలక పెట్టి, క్లాంపులు బిగించాను. బిట్టు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది కాబట్టి మిషన్ని దానికి ఎదురు నడపాలి. నడిపాను. ఆరు ఎంఎం లోతు ఒకేసారి తియ్యకూడదు, సగం సగం తియ్యాలి. అలాగే తీశాను. మొదటి విడత గాడి మచ్చలేకుండా వచ్చింది. రెండో విడతలో మిషన్ గొంతు కొంచెం మారింది. నాకు పనితనం పెరిగి మారిందనుకున్నాను. గాడి నిండా పొట్టు, నా కళ్లజోడు నిండా పొట్టు, హాలంతా పొగమంచు. మిషన్ ఆపాక మామయ్యగారు చప్పట్లు కూడా కొట్టారు.

మామయ్యగారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజి దాటుతున్న ప్రతిసారీ 1855 నాటి పాత ఆనకట్టకి 1952 వరదలో ఎక్కడ గండి పడిందో, 1957కల్లా కొత్తది ఎలా లేచిందో కారు ఆపించి మరీ చెబుతారు. వెనక బస్సువాడు హారన్ కొడుతుంటే "వాడికేం తెలుసు" అంటారు. అక్కణ్ణుంచి బయల్దేరే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఆయనకి చుట్టాల కింద లెక్క.

ఆయనే ముందుకొచ్చి క్లాంపులు విప్పి పలక ఎత్తారు. పలక వచ్చింది. గాడికి అవతల అంచున ఉండాల్సిన సన్న రీపరు రాలేదు. ఒక కొసన మాత్రం అతుక్కుని, మిగతాదంతా బల్ల మీదే ఉండిపోయింది. కింద పేపర్ రెండు ముక్కలై ఉంది, ముఖ్యమంత్రి ఒకవైపు, ఆయన ప్రారంభిస్తున్న వంతెన ఇంకోవైపు. పేపర్ కూడా తీశారు. టేకు మీద ఆరు ఎంఎం వెడల్పున గాడి. మొదట వెంట్రుకలా మొదలై, పోనుపోను దిగి, చివర మూడు ఎంఎం లోతుంది. సిల్వర్ పేపర్‌లోంచి బిట్టు నెమ్మదిగా జారుతూ వచ్చిందన్నమాట.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి బల్లని కాకుండా నన్ను చూస్తోంది.

మామయ్యగారు జేబులోంచి టేపు తీశారు. ఆ మనిషి జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. మొదట్లో కొలిచారు, మధ్యలో కొలిచారు, చివర కొలిచారు. కళ్లజోడు పైకి తోసుకుని, "అల్లుడు గారూ, వాలు ఎక్కడా తప్పలేదండీ" అన్నారు. నిజంగానే మెచ్చుకున్నారు, అదే బాధ. చేతిలో ఉన్న కాఫీ సాసర్లోకి కొంచెం ఒంపి, పై కొసన పోశారు. అత్తయ్యగారు "అయ్యో అయ్యో" అంటున్నారు. కాఫీ ఒక్క క్షణం ఆలోచించి బయల్దేరింది. ఉప్పు సీసా దాటింది, పచ్చడి జాడీ పక్కనుంచి పోయింది, ఎక్కడా గట్టు పొర్లలేదు, నేరుగా వెళ్లి చివర మడుగు కట్టింది. "చూశారా, సిమెంటు లైనింగ్ లేకుండానే!" అన్నారాయన. తరవాత వీధిలో కనబడ్డ పక్కింటాయన్ని కూడా లోపలికి పిలిచి, మళ్లీ కాఫీ పోసి చూపించారు.

రాత్రి అందరూ పడుకున్నాక మిషన్‌తో వచ్చిన చిన్న పుస్తకం చదివాను. అందులో ఏయే భాషలున్నాయో చెప్పను, తెలుగు మాత్రం లేదు. పెట్టెలో ఏమేం ఉంటాయో బొమ్మలతో ఉంది: స్పానర్లు రెండు, గైడు ఒకటి, 6.35 కొలెట్ ఒకటి, ఆరు ఎంఎం కొలెట్ ఒకటి.

నా పెట్టెలో ఆరు ఎంఎంది లేదు.

పొద్దున్నే వెళ్లి పుస్తకం బల్ల మీద పెట్టి, బొమ్మ మీద వేలు పెట్టాను. షాపాయన ఫోన్లో "ఒక్క నిమిషం" అని, సొరుగు లాగాడు. సొరుగు నిండా ఆరు ఎంఎం కొలెట్లు. ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"రెండొందల యాభై సార్. బిల్లు కావాలంటే జీఎస్టీ ఎక్‌స్ట్రా."