పాత ఓనరు చేసిన పాపం

కారుతో ఏ ఇబ్బందీ లేదని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. తాళం తిప్పుతారు, స్టార్టవుతుంది, వెళ్లాల్సిన చోటికి వెళ్తారు, తిరిగొస్తారు. బస్సెక్కినా జరిగేది అదేగా. ఆ మాత్రానికి ఒక కారును కొని, కడిగి, దానికో గూడు కట్టి పెంచడం దేనికో నాకు బోధపడదు.

నా దగ్గరున్నది 26 ఏళ్ల కారు. నాకు ముందు ఇద్దరి చేతుల్లో పెరిగింది. ఆ ఇద్దరూ ఎవరి స్తోమతు కొద్దీ వాళ్లు దాన్ని బాగుచేశారు. నేను 9 ఏళ్లుగా వాళ్లు చేసిన బాగును బాగుచేస్తున్నాను. మెకానిక్ షెడ్డుకు పంపను. పంపితే రెండు రోజుల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఆదివారాలు ఏం చేసుకోవాలి?

ఇలాంటి కారుకు రిపేర్లు వస్తాయనుకోవడం లోకంలో ఉన్న ఒక పెద్ద అపోహ. రిపేర్లు మామూలు కార్లకు వస్తాయి. రబ్బరు ఎండిపోతుంది, బేరింగ్ అరుగుతుంది, పుస్తకం చూసి కొత్తది వేస్తారు. మాడిఫై చేసిన కారుకు వచ్చేవి కర్మఫలాలు. ఎవరో ఎప్పుడో చేసినదాన్ని ఇంకెవరో ఇప్పుడు అనుభవించాలి. ఆ మొదటి 'ఎవరో'ను మా ఇంట్లో పాత ఓనరు అంటాం. దేవుడి పేరు కంటే ఆయన పేరే ఎక్కువసార్లు వినిపిస్తుంది, అదీ కారు కింద నుంచి.

ఆయన్ను నేను చూసింది ఒక్కసారే, తాళాలు చేతిలో పెట్టిన రోజున. "దీనికి చాలా పని చేయించానండీ" అన్నాడు నవ్వుతూ. అప్పుడది హామీలా వినిపించింది. అది నేరాంగీకారమని తెలియడానికి ఒక వానాకాలం పట్టింది.

కౌపీన సంరక్షణార్థం సన్యాసి సంసారంలో పడ్డ కథ అందరికీ తెలిసిందే. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చాడు, ఆవును చూసుకోవడానికి పెళ్లి చేసుకున్నాడు. మా కారుకు గోచీ స్ప్రింగు. కారు నేలకు దగ్గరగా ఉంటే అందమని పాత ఓనరుకు ఎవరో చెప్పారు. పొట్టి స్ప్రింగులు కొనకుండా ఉన్నవాటినే ఒక చుట్టున్నర చొప్పున కోయించాడు. స్ప్రింగు చుట్లు తగ్గేకొద్దీ గట్టిపడుతుంది. ఇది స్ప్రింగు స్వభావం, దాన్ని బతిమాలి లాభం లేదు. ఇప్పుడు రోడ్డు మీద అగ్గిపుల్ల మీదుగా పోతే అది వెలిగించినదో వెలిగించనిదో కూర్చున్నచోటి నుంచే చెప్పగలను.

కారు కిందికి దిగాక చక్రాలు చిన్నవిగా కనిపించాయట. పెద్దవి వేశాడు. చుట్టుకొలత 5 శాతం పెరిగింది. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే మీటరుకు తెలుసు, ఆ చుట్టు ఎంత పొడవో దానికి తెలియదు. అందుకే 100 మీద వెళ్తుంటే 95 చూపిస్తుంది, తిరిగిన దూరం కూడా అంతే తక్కువగా రాసుకుంటుంది. వయసు దాచుకునే కార్లలో ఇది ఒకటి. ఆ పెద్ద చక్రం మలుపుల్లోనూ గతుకుల్లోనూ పైనున్న రేకుకు రాసుకోవడం మొదలెట్టింది. అలాంటప్పుడు ఎవరైనా చక్రం మారుస్తారు. ఈయన సుత్తి తీసుకుని రేకు అంచును లోపలికి మడిచాడు. మడిచిన చోట పెయింటు పగిలింది, పగిలిన చోట నీళ్లు దిగాయి, దిగిన చోట తుప్పు పట్టింది, తుప్పు డిక్కీలోకి దారి చేసుకుంది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఎయిర్ ఫిల్టర్ సంగతి ఎత్తితే నాకు బీపీ వస్తుంది కాబట్టి త్వరగా ముగిస్తాను. కంపెనీ వాళ్లు పెట్టిన డబ్బా బయటి చల్లగాలిని గొట్టంతో పీల్చేది. దాన్ని పీకేసి, బానెట్ కింద వేడి ఇంజను పక్కనే గరాటు లాంటి ఫిల్టర్ తొడిగారు. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 శాతం పలచబడుతుంది. ఇంజనుకు అందే ఊపిరి తగ్గింది, శబ్దం రెట్టింపైంది. నిండుకుండ తొణకదంటారు. మా కారు బాగా తొణుకుతుంది.

ఫ్యూజులది మరో కథ. 10 ఆంపియర్ల ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని అక్కడ 30 ఆంపియర్లది గుచ్చారు. రాత్రంతా మొరుగుతోందని కాపలా కుక్క మూతి కట్టేసి పడుకున్నట్టు. ఆ తర్వాత ఫ్యూజ్ చేయాల్సిన పనిని వైరు చేస్తుంది, అంటే కాలిపోతుంది.

బయటివాళ్లకు పని అంటే ఏమిటో తెలియదు. "సైలెన్సర్ మార్చడం ఎంతసేపు బావా?" అని మా బావమరిది అడిగాడు ఒక ఆదివారం. పుస్తకం ప్రకారం గంట. పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది: విప్పిన క్రమాన్ని తిరగేస్తే బిగించడం అవుతుంది అని. ఆ లెక్కన గుడ్డు పగలగొట్టిన క్రమాన్ని తిరగేస్తే మళ్లీ గుడ్డు కావాలి. పైపు ఇంజనుకు కలిసే చోట మూడు నట్లున్నాయి. రెండు మర్యాదగా వచ్చాయి. మూడోది రాలేదు. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకని మరల మధ్య బిర్రుగా కూర్చుంటుంది. నూనె కొట్టి ఒక రాత్రి వదిలేశాను. మర్నాడు వేడిచేశాను. పానాకు పొడవాటి పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి లాగాను. తిరిగింది! వెన్నలా తిరిగింది. అలా తిరిగిందంటే నట్టు వదలలేదని, బోల్టే తెగిందని అర్థం.

తెగిన బోల్టుకు మందుంది. మధ్యలో సన్నగా రంధ్రం చేసి, ఎడమ మరలుండే ఎక్స్‌ట్రాక్టర్‌ను అందులో దించి వెనక్కి తిప్పితే మిగిలిన ముక్క బయటికొస్తుంది. నాకు ఎక్స్‌ట్రాక్టర్ లోపలే విరిగింది. బోల్టుకైతే రంధ్రం చేయొచ్చు. ఎక్స్‌ట్రాక్టర్‌ను బోల్టు కంటే గట్టి ఉక్కుతో చేస్తారు, మామూలు డ్రిల్లు దాని మీద జారిపోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాటను మన పెద్దలు ఏ పనిముట్టు చూసి కనిపెట్టారో గానీ, ఇంతకంటే బాగా సరిపోయే సందర్భం నాకు తగల్లేదు. ఆ గంట పని ఐదో వారంలో పూర్తయింది. "అమ్మేయొచ్చు కదా బావా" అన్నాడు వాడు. ఏం అమ్మను? కొనేవాడు చూడ్డానికొస్తే కారు సగం పైన, సగం బల్ల మీద ఉంది.

(ఈ వ్యాసంలో హాస్యానికి చోటు లేని మాట ఒకటుంది. జాకీ కారును ఎత్తడానికే, మోయడానికి పనికిరాదు. ఎత్తాక స్టాండ్లు పెట్టి, కారును గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరండి. ఈ ఒక్క విషయంలో నా పిరికితనం గురించి ఎవరేమనుకున్నా సరే.)

ఇక అసలు విషయం. ఒకరోజు సాయంత్రం మా ఆవిడ వెనక నిలబడి, "ఏమండీ, మీరు బ్రేకు తొక్కితే కుడివైపు ఇండికేటర్ కూడా వెలుగుతోంది. అదీ మీరు పెట్టించిందేనా?" అంది. నేను పెట్టించలేదు. దిగి చూశాను. బ్రేకు తొక్కితే బ్రేకు లైటు నీరసంగా, ఇండికేటర్ ఇంకా నీరసంగా వెలుగుతున్నాయి. ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దాంతో తాళం వేస్తోంది. కుడి లైటంతా ఒక చిన్న కచేరీలా ఉంది.

దీన్ని చూడగానే ఎర్త్ పోయిందని గుర్తుపట్టాలి. వెనక లైటులో ఉన్న బల్బులన్నిటికీ బ్యాటరీ వైపు తిరిగి వెళ్లే దారి ఒక్కటే, కారు రేకుకు బిగించిన నల్ల వైరు. అది మూసుకుపోతే కరెంటు ఊరుకోదు. వీధి తలుపు గడియ వేసి ఉంటే పక్కింటి పెరట్లోంచి గోడ దూకే కుర్రాడిలా, ఇంకో బల్బులోంచి దూరి ఇంకో దారిన బయటపడుతుంది. దారిలో ఆ బల్బూ కాస్త వెలుగుతుంది. వెలుగు లెక్క కూడా చాలా కఠినం. బల్బుకు అందే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది.

బ్యాటరీ చూశాను, 12.6 వోల్టులు. నిండుగా ఉంది. బ్రేకు పెడల్‌కు కర్ర ఆనించి, మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ మైనస్‌కు, ఇంకో మొన లైటు ఎర్త్ పిన్నుకు పెట్టాను. పదో వంతు వోల్టు అటూ ఇటూ రావాలి. 4 దాటింది. రోగం చేతికి చిక్కింది. డిక్కీలో కార్పెట్ ఎత్తి, ఆ నల్ల వైరు వెంట వేలితో తడుముకుంటూ వెళ్లాను. చక్రం పైన, ఒకప్పుడు తుప్పు లోపలికొచ్చిన సరిగ్గా ఆ చోట, మరకు బిగించి ఉంది. మరంతా పెయింటు. మర మీద, వాషర్ మీద, వైరు చివర మీద, కింద రేకు మీద ఎక్కడా లోహం కనబడకుండా ఆప్యాయంగా పూసిన దళసరి బూడిదరంగు పెయింటు. పెయింటు పూసి, ఆ పూత మీదే వైరు బిగించి, మళ్లీ పైన పూశారు. ఇన్నాళ్లూ కరెంటు మర పళ్ల సందుల్లోంచి ఎలాగో పాకుతోంది. ఇప్పుడు ఆ పళ్లకూ తుప్పు పట్టింది.

పాత ఓనరును తిట్టాను. మామూలు తిట్లు అయిపోయాక పాతవి తవ్వి తీశాను. తిడుతూనే గోకుతున్నాను. పెయింటులో ఏదో వెంట్రుక అతుక్కుని ఉంది. గోటితో లాగితే సగం ఊడొచ్చింది, నల్లగా, బిరుసుగా ఉంది. బ్రష్ వెంట్రుక. వెంట్రుకలు రాల్చే బ్రష్ ఒకటి నాకు తెలుసు. అటక మీద పనిముట్ల పెట్టెలో ఉంది, పిడి మీద బూడిదరంగు మరకలతో.

6 ఏళ్ల కిందట చక్రం దగ్గర తుప్పు గీకి, రంధ్రం పూడ్చి, రంగు వేసింది నేనే. అప్పుడు ఎంత శ్రద్ధగా వేశానంటే, "రేకు ఒక్క అంగుళం కూడా వదల్లేదు" అని ఇంట్లో చెప్పుకున్నట్టు గుర్తు. నిజంగానే వదల్లేదు.

దీని మీద రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. 6 ఏళ్ల కిందటి నేను, ఇప్పటి నేను ఒకరమని అనుకోవడం పొరపాటు. అతనికి మల్టీమీటరు లేదు. ఎర్త్ అంటే ఏమిటో తెలియదు. స్పార్క్ ప్లగ్గు నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ కలుస్తోందని, మరీ తెల్లగా ఉంటే తక్కువ కలుస్తోందని, లేత గోధుమరంగులో ఉంటే నిశ్చింతగా పడుకోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుందని, డాట్ 4 రకమైతే కొత్తదానికి కనీసం 230 డిగ్రీలు ఉండాల్సిన మరిగే స్థాయి, తడి చేరాక 155 దాకా దిగిపోవచ్చని కూడా తెలియదు. ఏళ్ల తరబడి అదే నూనెతో తిరిగాడు. అలాంటి మనిషి చేసిన పనికి నేనెందుకు పూచీపడాలి? కారు అతని చేతుల్లో ఉండేది, ఇప్పుడు నా చేతుల్లో ఉంది. న్యాయంగా చూసినా అతను పాత ఓనరే. మా ఆవిడకు ఈ వాదన పూర్తిగా వినిపించాను. ఆవిడ విని, "మరి ఇప్పటి ఓనరు గారు రేపు ఏం చేయబోతున్నారో అదీ చెప్పండి" అంది.

చేసిందేమిటంటే, పెయింటు గీకి, రేకు తళతళలాడే దాకా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్లున్న వాషర్ వేసి, వైరు చివర కొత్తది నొక్కి, బిగించాక పైన గ్రీజు రాశాను. అరగంట పని, నిజంగానే అరగంటే పట్టింది. మీటరు 0.05 చూపించింది. బ్రేకు తొక్కితే బ్రేకు లైటు వెలిగింది, ఇండికేటర్ తన పనేదో తాను చూసుకుంది.

ఆ తర్వాత వరుసగా మూడు ఆదివారాలు కారులో ఏ తేడా రాలేదు. నాలుగో ఆదివారం భయమేసింది. ఏదో ఒకటి ముట్టుకోకుండా ఉండలేనని తెలిసి, ముట్టుకునే ముందే ఒక కాగితం రాసి డాష్‌బోర్డు అరలో పెట్టాను. నన్ను తిట్టబోయే మనిషి ఎప్పుడో ఒకప్పుడు అది తెరుస్తాడు కదా.

"తర్వాతి ఓనరు గారికి నమస్కారం. హారన్ కొడితే లోపలి లైటు ఒకసారి మినుకుమంటుంది, కంగారుపడకండి. డ్రైవర్ తలుపు అద్దం దించేటప్పుడు చేత్తో కాస్త సాయం చేయాలి. ఎర్త్‌లన్నీ శుభ్రం చేశాను, వాటి మీద రంగు వేయకండి. స్ప్రింగులు కోసింది నేను కాదు. డాష్‌బోర్డు కింద ఎడమవైపు ఒక తెల్ల వైరు ఉంటుంది. ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో తెలియదు. ఒకసారి కత్తిరించాను. మళ్లీ అతికించాను. మీరు కత్తిరించకండి."