ఎడమ కన్ను ఖాతా

హాలీవుడ్ కౌబాయ్ సినిమాల్లో విలన్ పక్కన నిలబడి హీరో తూటాకు అందరికంటే ముందు పోవాలని ఆశపడే యువతకు మా సలహా ఒక్కటే: బుద్ధిగా కామర్స్ చదవండి. గుర్రపు స్వారీ తర్వాత చూసుకోవచ్చు. హాలీవుడ్ విలన్ వేషాల నటుడు జాక్ ఈలమ్ అలాగే పైకొచ్చారు.

అరిజోనాలోని మయామీ అనే రాగి గనుల ఊళ్లో పుట్టారాయన. చిన్నప్పుడు తోటి పిల్లాడు పెన్సిల్‌తో పొడవడంతో ఎడమ కంటి చూపు పోయింది. ఆస్తుల పద్దులో ఇది నష్టం కిందే రాసుకుంటాం. తొందరపడకండి.

పెద్దయ్యాక అకౌంటెంట్ అయి, నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ దగ్గర ఆడిటింగ్ చేశారు. ఇలాగే అంకెలు చూస్తూ కూర్చుంటే రెండో కన్నూ పోతుందన్నారు డాక్టర్లు. వేషాల కోసం ఆయన ఫొటోల ఆల్బమ్ చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేదు. మూడు వెస్టర్న్ (కౌబాయ్) కథలు చేతిలో ఉండి డబ్బు పుట్టని ఒక దర్శకుడికి బేరం పెట్టారు: పెట్టుబడి నేను తెస్తాను, దుర్మార్గుడి వేషాలు నాకివ్వండి. నటన వస్తుందా రాదా అన్న చిల్లర విషయం చర్చకు వచ్చినట్టు లేదు.

ఇక కన్ను పనిలోకి దిగింది. కుడి కన్ను ఒక దిక్కు, ఎడమది తన ఇష్టం. దాని మీద తనకే అదుపు లేదనేవారాయన. నిర్మాతకు ఎంత ఆదా! ఒకే క్లోజప్‌లో హీరోనీ, బార్ యజమానినీ కలిపి బెదిరించవచ్చు. 1952 నాటి 'హై నూన్'లో లాకప్‌లోని తాగుబోతు ఆయనే. టైటిల్స్‌లో మాత్రం పేరు లేదు. 1969లో 'సపోర్ట్ యువర్ లోకల్ షెరిఫ్' వచ్చేసరికి అదే కన్ను నవ్వించడం మొదలెట్టింది. వాడేకొద్దీ విలువ పెరిగే ఆస్తికి తరుగుదల ఎలా వేయాలో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

అసలు పరీక్ష 1968లో దర్శకుడు సెర్జియో లియోనీ పెట్టాడు. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' మొదట్లో రైల్లో దిగే హీరోని చంపడానికి ముగ్గురు తుపాకీగాళ్లు కాచుకుని ఉంటారు, అందులో ఈలమ్ ఒకరు. ఈలమ్ ముఖం మీద ఈగ వాలుతుంది. అది రావడానికి గడ్డానికి జామ్ పూశారట. చేత్తో తోలితే సీను పోయినట్టే. పెదవి వంకర చేసి ఊదాలి, చూపుతో తరమాలి. చివరికి దాన్ని తుపాకీ గొట్టంలో బంధించి, మూతికి వేలు అడ్డం పెట్టి, చెవి దగ్గర ఆ రొద వింటూ మురిసిపోవాలి.

ఇంతలో రైలొచ్చింది, హీరో చార్లెస్ బ్రాన్సన్ దిగాడు. నాకు గుర్రం తెచ్చారా అని అడిగాడు. ఒకటి తక్కువైందే అన్నారు మన ఆడిటర్ గారు. కాదు, రెండు ఎక్కువయ్యాయని సరిచేశాడు బ్రాన్సన్. మూడు గుర్రాలు, తిరిగి వెళ్లేది ఒక్కడే. లెక్క బ్రాన్సన్‌దే సరైనదని ముగ్గురూ అక్కడికక్కడే పడిపోయి ఒప్పుకున్నారు.