కాంపౌండు మూసిన మర్నాడు

కల్లు కాంపౌండు మీద ఎక్సైజ్ దాడి జరిగిందంటే మర్నాడు పేపర్లో ఒకే తీరు ఫొటో. బల్ల మీద తెల్లపొడి ప్యాకెట్లు, వెనక వరుసగా అధికారులు, ముసుగులేసిన నిందితులు. కల్లులో కలిపే మత్తుమందు అల్ప్రాజోలం ఇన్ని కిలోలు, దాని విలువ ఇంత. అలాంటి ఫొటోలు మేమూ చాలాసార్లు వేశాం. పొద్దున్నే ఆరింటికి అదే కాంపౌండు గేటు దగ్గరికి వచ్చి, తాళం చూసి, వణికే చేతులు చంకల్లో దాచుకుని గోడకు చేరగిలబడ్డ మనిషి మాత్రం ఏ ఫొటోలోనూ ఉండడు. రెండో రాత్రికి అతనికి కంటి మీద కునుకుండదు. పక్క తడిసేలా చెమటలు. లేని మనుషులు కనిపిస్తారు, వాళ్లతో మాట్లాడతాడు. ఆ తర్వాత ఫిట్స్ వచ్చి పడిపోతే ఇంట్లోవాళ్లు తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టి పిడికిలి బిగించి పట్టుకుంటారు. అతనికి కావాల్సింది ఇనుము కాదు, వైద్యుడని చెప్పేవాళ్లు చుట్టుపక్కల ఎవరూ ఉండరు.

ఇదేమీ ఊహ కాదు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీ కల్లుపై ఒక్కసారిగా దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు ఇలాంటి రోగులతో నిండిపోయాయి. మంచాలకు కట్టేస్తే తప్ప నిలవని స్థితిలో మనుషుల్ని తీసుకొచ్చారు. మళ్లీ 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూస్తే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు అదే రద్దీ. అయిదేళ్ల తేడాతో రెండుసార్లు ఒకే పాఠం చెప్పించుకున్నాం. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసినప్పుడూ చర్చంతా ఎవర్ని అరెస్టు చేశారన్న దగ్గరే ఆగిపోయింది. రెండు నెలలకే బోయిన్‌పల్లిలో, పిల్లల బడి నడుస్తున్న భవనంలోనే, అల్ప్రాజోలం వండుతున్న వైనం బయటపడింది.

దాడులు వద్దని మేం అనడం లేదు. ఆ పొడి అమ్మేవాడి మీద జాలి చూపాల్సిన పనీ లేదు. కాకపోతే చిన్న లెక్క ఒకటి ఉంది. డాక్టర్లు మామూలుగా రాసే అల్ప్రాజోలం మాత్ర అర మిల్లీగ్రాము. అంటే కిలో పొడిలో 20 లక్షల మాత్రల మందు ఉంటుంది. దాన్ని పట్టుకున్న రోజున, అది రోజూ ఎవరి ఒంట్లోకి వెళుతోందో, రేపు అందకపోతే వాళ్లేమవుతారో అడగడం ఎవరి విధి? ఎక్సైజ్ శాఖది కాదట. ఆరోగ్య శాఖకు కబురే ఉండదు.

తాగేవాడికీ సంగతి తెలియదు. తాను కల్లుకు అలవాటు పడ్డాననే అనుకుంటాడు. ఈత చెట్టు చలికాలంలో బాగా పారుతుంది, తాటి చెట్టు ఎండాకాలంలో. చెట్టుకు కాలం ఉంది గానీ దుకాణానికి లేదు, ఏడాది పొడుగునా సీసాలు నిండాలి. అందుకని నీళ్లు, శాకరిన్, ఆపైన మత్తుమందు. ఊళ్లలో ‘డైజోఫామ్’ అనే డయాజెపామ్, ‘సీహెచ్’ అనే క్లోరల్ హైడ్రేట్, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం. ఏళ్ల తరబడి అదే తాగిన నాలుకకు అసలు కల్లు పడదు, ‘ఇందులో కిక్కు లేద’ని సీసా పక్కన పెడతారు. నిజాయతీగా చెట్టెక్కే గీత కార్మికుడికి దక్కే బహుమానం ఇదీ.

అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోనజెపామ్, లోరజెపామ్ అన్నీ బెంజోడయజెపైన్లనే ఒకే కుటుంబం మందులు. మెదడులో ఉద్రేకాన్ని అణచిపెట్టే ‘గాబా’ అనే రసాయనం పనిని ఇవి పెంచుతాయి. రోజూ బయటి నుంచి సాయం అందుతుంటే మెదడు తన సొంత ఏర్పాటును తగ్గించుకుంటుంది. ఆ సాయం ఒక్కసారిగా ఆగితే అణిచేది ఏదీ మిగలదు. నిద్రలేమి, వణుకు, గుండెదడ, భయం మొదలై కొందరిలో ఫిట్స్, మతిభ్రమ దాకా పోతుంది. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. సిగరెట్ అయితే ఈ పూటే విసిరేయమనవచ్చు, మనిషి చిరాకు పడతాడు, అంతే. ఈ మందుల దగ్గర ఆ సలహా పనికిరాదు. ‘మగాడివైతే ఈరోజే మానెయ్’ అనే మాట ఇక్కడ మనిషిని చంపగలదు.

ఈ గొడవ కాంపౌండుకే పరిమితమైతే పట్టణ పాఠకులు పేజీ తిప్పేసేవారే. కానీ ఫ్రిజ్ మీద మందుల డబ్బా ఉన్న ఇంట్లో ఒకసారి చూడండి. ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆవిడకు నిద్ర పట్టడం లేదని పదిహేను రోజులకు రాసిచ్చిన పావు మిల్లీగ్రాము మాత్ర, తొమ్మిదేళ్లయినా ఇంకా అక్కడే ఉంటుంది. పావు అర అయింది, అర ఒకటయింది. చీటీ ఏనాడో చిరిగిపోయింది, మందుల షాపు అబ్బాయికి మాత్రం మొహం గుర్తు. పేరు వింటూనే స్ట్రిప్పు కత్తిరించి కవర్లో వేస్తాడు. నిజానికి అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూలు మందు. 2014 మార్చి నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు నిజంగా రాస్తున్న షాపులు ఎన్నో పాఠకులే చెప్పగలరు.

ఆవిడకు ఈమధ్య మతిమరుపు. రాత్రి బాత్రూముకు వెళుతూ తూలింది. కొడుకు వీడియో ఏదో చూసి ‘ఇది మత్తుమందమ్మా’ అని డబ్బా అంతా చెత్తబుట్టలో పోశాడు. మూడో రాత్రి గుండె ఆగిపోతుందేమో అన్నంత దడ. ఎమర్జెన్సీకి పరుగెత్తితే ఈసీజీ మామూలుగానే ఉంది. ‘ఏం లేదు, టెన్షన్’ అని డ్యూటీ డాక్టరు చీటీ రాసిచ్చారు. చీటీలో ఉన్నది అల్ప్రాజోలమే.

కాంపౌండు గేటు దగ్గరి మనిషికీ, ఈ ఆవిడకూ కావాల్సింది ఒకటే. మోతాదును వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా దించే వైద్యం. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఈ కుటుంబంలో తొలి మందు లిబ్రియం 1960లో, వేలియం 1963లో మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందున్న బార్బిచ్యురేట్లనే నిద్రమందుల కంటే క్షేమమన్న పేరుతో ప్రపంచమంతా వాడేసింది. తర్వాత రెండు దశాబ్దాలకు, 1982లో, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే వైద్యురాలు వీటిని మాన్పించేందుకే ఒక క్లినిక్ తెరిచి పన్నెండేళ్లు నడిపారు. త్వరగా దిగిపోయే మందు నుంచి ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయాజెపామ్‌కు రోగిని మార్చడం, ఆపైన నెమ్మదిగా తగ్గించడం, ఎంత నెమ్మదిగా అన్నది రోగి పరిస్థితిని బట్టి తేల్చడం ఆమె పద్ధతి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ మందులన్నిటి మీదా ఆధారపడే ముప్పు గురించి నల్లగీతల హెచ్చరిక అచ్చు వేయించింది. 2025లో అక్కడి వ్యసన వైద్యుల సంఘం మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి ఇచ్చిన మార్గదర్శకం, మొదట 5 నుంచి 10 శాతం తగ్గించి రెండు నుంచి నాలుగు వారాలు ఆగమంటుంది. రెండు వారాల్లో 25 శాతం సాధారణంగా మించరాదంటుంది.

ఆ లెక్కను మన ఇంటికి తెచ్చి చూడండి. రోజుకు ఒక మిల్లీగ్రాము అల్ప్రాజోలం మింగే మనిషి తొలి విడతలో తగ్గించాల్సింది గరిష్ఠంగా 0.1 మిల్లీగ్రాము. మన షాపుల్లో మామూలుగా దొరికే అతి చిన్న మాత్ర 0.25. దాన్ని బ్లేడుతో సగం చేసినా 0.125, అంటే అప్పటికే ఎక్కువ. ముక్కలు సమానంగా తెగవు, ఒకవైపు పొడి రాలిపోతుంది. వైద్యులు డయాజెపామ్‌కు మార్చడానికి ఇదీ ఒక కారణం. వంటింటి బల్ల మీద చేసుకునే పని కాదిది. గతంలో ఫిట్స్ వచ్చినవాళ్లు, గర్భిణులు, మద్యం కూడా తాగేవాళ్లు, వయసు మీరినవాళ్లు అసలే ప్రయత్నించకూడదు. ఏళ్ల అలవాటుకు ఆరునెలలు, ఏడాది పట్టడం వింతేమీ కాదు. మధ్యలో ఒకచోట కొన్ని వారాలు నిలిచిపోతే ఓడిపోయినట్టూ కాదు.

కల్లు తాగినవాడి సంగతి ఇంకా చిక్కు. మాత్ర మీద మోతాదు రాసి ఉంటుంది, సీసా మీద ఉండదు. ‘రోజుకో సీసా తగ్గించుకో’ అని ఊళ్లో పెద్దమనిషి చెప్పే సలహా వినడానికి బాగుంటుంది గానీ, నిన్నటి సీసాలో ఎంత కలిపారో, నేటి సీసాలో ఎంతో కలిపినవాడికే తెలియదు. అందుకే అతణ్ని ఆస్పత్రిలో చేర్చుకుని, లక్షణాల్ని బట్టి తెలిసిన మందుతో మోతాదు కుదిర్చి, అక్కడి నుంచి దించడమే దారి. తాళం వేసిన గదిలో పడేసి ‘పది రోజుల్లో మాన్పిస్తాం’ అనే డీఅడిక్షన్ సెంటర్లకు అతణ్ని అప్పగించడమంటే పెనం మీంచి పొయ్యిలో పడేయడమే. చేర్చేముందు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, రోజూ చూసే సైకియాట్రిస్టు ఉన్నారా అని ఆ రెండు ప్రశ్నలైనా అడగాలి.

ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక ఆస్పత్రులే కాదు, ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు వ్యసనాలకు ప్రత్యేకంగా 14446 ఉంది. ఫిట్స్, తెలివి తప్పడం, లేనివి కనిపించడం మొదలైతే ఫోన్లతో కాలం గడపక 108 పిలవాలి. డాక్టరు దగ్గరికి ఖాళీ స్ట్రిప్పులతో సహా వెళ్లండి. ఎన్ని వేసుకుంటున్నారో, పైన కల్లో మందో తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని రెండు తగ్గించి చెబితే లెక్క అక్కడే తప్పుతుంది. ఆ తిట్టే డాక్టర్లకూ ఒక మాట. ఈ రోగుల్లో చాలామంది మీలాంటివారు రాసిన చీటీతోనే మొదలుపెట్టారు. చీటీలో ‘రాత్రి 1’ అని రాసేటప్పుడే ఎప్పటిదాకా, ఎలా మానాలి అన్నది కింద మరో వరుసలో రాస్తే ఈ సంపాదకీయంలో సగం అవసరం ఉండేది కాదు.

అలాగని ఈ మందుల్ని దెయ్యాల్ని చేయడం మా ఉద్దేశం కాదు. ఆగని ఫిట్స్‌ను ఆపేది ఇవే, మద్యం మానేవారి ప్రాణం కాపాడేదీ ఇవే. తనిఖీల భయంతో పాత రోగికి ఒక్కసారిగా మందు నిరాకరించే షాపూ, రాయనని మొహం తిప్పుకునే డాక్టరూ కాంపౌండుకు తాళం వేసిన అధికారి చేసిన పొరపాటే చేస్తున్నారు.

ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే దేశంలో 1.18 కోట్ల మంది వైద్య అవసరం లేకుండా మత్తుమాత్రలు వాడుతున్నారని లెక్కగట్టింది. సంఖ్యాపరంగా ముందున్న అయిదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సీసాలో తెలియకుండా తాగేవాళ్లు, పాత చీటీ మీద మింగేవాళ్లు ఈ లెక్కలో ఎందరున్నారో, ఎందరు లేరో. ఇంతమందికీ ఎర్రగడ్డ దాకా బస్సు చార్జీ ఉండదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యుల చేత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు మోతాదు దించే పద్ధతి నేర్పించాలి. జిల్లా ఆస్పత్రిలో డయాజెపామ్ నిల్వ, పది మంచాలు సిద్ధం చేసుకున్నాకే దాడికి బయల్దేరాలి. రహస్యం పోతుందన్న అభ్యంతరం వస్తుంది. ఏ ఊరో ముందే చెప్పమని ఎవరూ అడగడం లేదు. పంచనామా మీద సంతకాలు ఆరేలోపు దాని ప్రతి ఒకటి జిల్లా వైద్యాధికారికి చేరాలి, సాయంత్రానికి ఆ గేటు ముందు ఒక ఏఎన్ఎం, ఒక అంబులెన్సు ఉండాలి.