చీర కట్టిస్తే జోకా?

ఆడ, మగ జట్లుగా విడదీసి ఆడించే టీవీ షోలతో ‘ఎవరు గొప్పో తేలిపోతుంది’ అని మీ పత్రికలో వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. ఏం తేలుతుందండీ? 2024లో స్టార్ మాలో వచ్చిన ‘కిర్రాక్ బాయ్స్ ఖిలాడి గర్ల్స్’ మా ఇంట్లోనూ చూశాం. ఒకవైపు శేఖర్ మాస్టర్, ఇంకోవైపు అనసూయ, మధ్యలో యాంకర్‌గా శ్రీముఖి. సరదాగానే ఉంది, కాదనను. కానీ టాస్క్ మారిస్తే ఫలితమూ మారుతుంది. 1973లో అమెరికా టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ 55 ఏళ్ల మాజీ పురుషుల ఛాంపియన్ బాబీ రిగ్స్‌ను 6-4, 6-3, 6-3తో ఓడించిందంటే అది టెన్నిస్. రూల్స్ ముందే ఉన్నాయి.

మా తిరుపతివాళ్లకు ఇంకో ఇబ్బంది. ఇలాంటి షోల్లో మగాడికి చీర కట్టిస్తే చాలు, అదో పెద్ద జోకు. మా తాతయ్యగుంట గంగమ్మ జాతరలో, మే నెల ఎండలో, మీసాలున్న మగాళ్లు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఎవరూ ఎగతాళి చేయరు. అమ్మవారి రూపంగా కొలిచే మాతంగి వేషం ఎదురైతే చేతులెత్తి దండం పెడతారు. మా మేనమామ కూడా ఒక ఏడాది ఆడవేషం వేశాడు. టీవీలో ఆ చీర జోకు రాగానే రిమోట్ లాక్కునేది ఆయనే, ‘న్యూస్ పెట్టండ్రా’ అంటూ.