ఆవకాయ కోసం మంకీ క్యాప్ తీసేశాను

మా పిల్లలూ చుట్టాలూ తలా ఒక దేశంలో ఉన్నారని పాత డైరీలో ఒక పట్టిక గీశాను. నిలువునా ఊళ్ళు, అడ్డంగా 12 నెలలు, గళ్ళలో పగటి ఎండ. 30 ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, రిటైరయ్యానని ఊరుకోగలనా?

సింగపూర్ వరస నింపడం మహా సులువు. జనవరి నుంచి డిసెంబరు దాకా 31 అటూ ఇటూ, అంతే. సిడ్నీ దగ్గరికొచ్చేసరికి నా తెలివి నాకే ముద్దొచ్చింది. అక్కడ జూలై అంటే చలికాలమని, పగలు కూడా 17 దగ్గరే ఉంటుందని మా బావమరిదికి ఫోన్ చేసి మరీ హెచ్చరించాను. వాడు సిడ్నీలోనే పదేళ్ళుగా ఉంటున్నాడు లెండి.

అమెరికాకి మాత్రం ఒక్క వరసే ఇచ్చాను. అబ్బాయి ఉండే డాలస్, జూలైలో 36. జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న అమ్మాయి దగ్గరికి బయల్దేరుతూ ఆ గడే చూసుకున్నాను. బెజవాడలో మే నెల గడిపినవాళ్ళకి 36 ఒక లెక్కా?

పెట్టె 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ సీసా పెట్టేసరికి 24 చూపించింది. మా ఆవిడ సర్దిన స్వెట్టర్లు రెండూ, శాలువా, నా మంకీ క్యాప్ తీసి మంచం మీద పడేశాను.

"ఏమండీ, అమ్మాయి 60 అంటోంది, చలేమో" అంది.

ఫారెన్‌హీట్‌లో 60 అంటే మన 16 అని నోటిలెక్కతోనే తేల్చి, "అది ఇంట్లో ఏసీ సంగతిలే" అన్నాను.

తీరా గోల్డెన్ గేట్ వంతెన మీద నిలబడితే, ఆ ఎర్ర స్తంభాలు సగం నుంచి పైకి కనబడటం లేదు. అంతా పొగమంచు. నేను పొట్టి చేతుల చొక్కాలో, మా ఆవిడ నేత చీరలో. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని నా వంక చూడటం కూడా మానేసింది.

"ఇక్కడి సముద్రం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది నాన్నా. లోపలి మైదానాలు వేడెక్కితే ఆ చల్లగాలి ఈ సందులోంచే లోపలికి దూరుతుంది. రెండు గంటల దూరంలో శాక్రమెంటో ఉందా, అక్కడ ఇవాళ 34. మాకు కాస్త వెచ్చబడేది సెప్టెంబరులోనే" అంది అమ్మాయి. నాకు సగమే వినబడింది, మిగతా సగం నా పళ్ళ చప్పుడు.

దగ్గర్లోని దుకాణంలో ఊరి పేరు అచ్చేసిన స్వెట్‌షర్టులు గుట్టలుగా పోసి ఉన్నాయి. నాలాంటి పట్టికల మేష్టార్లు రోజూ వస్తారు కాబోలు. నా సైజులో గులాబీ రంగే మిగిలింది. ధరని రూపాయల్లోకి మార్చబోతుంటే "ఇంక మీరు లెక్కలు కట్టకండి" అని ఆవిడే డబ్బిచ్చేసింది.

పది రోజుల తర్వాత డాలస్ వెళ్ళాం. ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి కదా, ఆ గులాబీ స్వెట్‌షర్టు తొడుక్కునే విమానం దిగాను. బయటికి అడుగు పెట్టగానే పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ. అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, "ఇదేంటి నాన్నా, ఇక్కడ 100 దాటితేనూ!" అన్నాడు.

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి నా డైరీ తీసి, ఆ పేజీ తిప్పింది.

"ఈ గడి మాత్రం కరెక్టుగానే రాశారండీ" అంది.